ఆదిశక్తికి శాలువా

మార్చి 8న మా పర్లాకిమిడిలో జరిగిన మహిళా ఆరోగ్య శిబిరం దిగ్విజయంగా ముగిసిందని నిర్వాహకులు ప్రకటించారు. నేనూ అక్కడే ఉన్నాను కాబట్టి కాదనడానికి లేదు. వేదిక మీది పెద్దమనుషుల్లో ఒక్కరికీ కళ్లు తిరగలేదు, అందరూ క్షేమంగా భోజనానికి లేచారు. ఆరోగ్య శిబిరానికి ఇంతకన్నా ఏం కావాలి?

ముఖ్య ఘట్టం, సీనియర్ మహిళలకు సన్మానం. మా వీధి అప్ప (అక్కని మేం అలాగే అంటాం) ఒకామె, 52 ఏళ్లుంటాయి, ఆమెను పైకి పిలిచి మెడలో బంతిపూల దండ వేసి, దాని మీద జరీ అంచు శాలువా కప్పారు. మిట్టమధ్యాహ్నం, షామియానా కింద. ఫ్యాను ఒకటే ఉంది, అదీ ముఖ్య అతిథి వైపు తిరిగి ఉంది. సరిగ్గా అప్పుడే అప్పకి, నెలసరి ఆగిపోయే వయసులో, అంటే మెనోపాజ్‌లో వచ్చే ఆవిరి ఒంట్లోంచి లేచింది. పడినవాళ్లకి చెప్పక్కర్లేదు. ఛాతీలో మొదలై మెడ, ముఖం, చెవులు ఎర్రబడి, వీపంతా చెమట కారిపోయి, ఆ తడి ఆరేలోపే చలి పుడుతుంది.

అతిథిగారు అప్పుడే "స్త్రీ ఆదిశక్తి" అని ఎత్తుకున్నారు. మాది సరిహద్దు ఊరు కదా, ప్రతి పొగడ్తా ఒడియాలో ఒకసారి, తెలుగులో ఒకసారి. అంటే ఆదిశక్తికి ఉక్కపోత రెండింతలు. తల్లి ప్రేమకి సాటి లేదన్నారు, రెండు భాషల్లోనూ లేదన్నారు. భూమాత సహనం దగ్గరికి వచ్చేసరికి అప్ప శాలువా కొసతో కళ్లూ మెడా తుడుచుకుంటోంది. అవి ఆనందబాష్పాలనుకున్నారు కాబోలు, ఆయన గొంతు పూడుకుపోయి ఇంకో పావుగంట పొడిగించారు. ఆమె శాలువా తీయబోతే ఫోటోగ్రాఫరు "ఆగండమ్మా, ఇంకొక్కటి" అన్నాడు. చేతిలో శిబిరం వారు పంచిన కరపత్రం ఉంది: గర్భిణులు తీసుకోవలసిన పోషకాహారం. దాంతోనే విసురుకుంది. ఆ రోజు ఆమెకు అందిన వైద్యసాయం అదొక్కటే.

ఎందుకంటే తర్వాత డాక్టరుగారి టేబుల్ దగ్గర జరిగింది ఇది. బీపీ చూశారు, వేలు గుచ్చి షుగర్ చూశారు. అప్ప గొంతు తగ్గించి, రాత్రుళ్లు నిద్ర ఉండట్లేదని, చెమటలకి లేచి జాకెట్టు మార్చుకోవాల్సి వస్తోందని, దగ్గితే చీర తడుస్తోందని, ఎవరి మీదో తెలియని కోపం వస్తోందని చెప్పింది. "వయసు కదమ్మా" అన్నారు డాక్టరుగారు. తర్వాత ఎవరు రావాలో పిలిచారు. అదే టేబుల్ దగ్గర, శిబిరంలో కుర్చీలు వేసిన పుణ్యానికి లైన్లో దూరిన ఒక పెద్దాయన మోకాలు నొప్పంటే ఎక్స్‌రే రాశారు. ఆయనకి వయసు లేదు కాబోలు.

ఇంటికెళితే అక్కడ ఇంకో వైద్యుడుంటాడు. డిసెంబరు రాత్రి ఆమె ఫ్యాను అయిదులో పెడుతుంది, మంకీ క్యాప్ లోంచి ఆయన చెయ్యి చాచి ఒకటికి తిప్పుతాడు. "ఏటే, పిచ్చి గానీ పట్టిందా?" అని రోగనిర్ధారణ చేస్తాడు. ఫీజు లేదు.

వాడుక భాష కోసం గిడుగు రామమూర్తిగారు పోరాడిన ఊరు మాది. ఈ ఒక్క సంగతి దగ్గర మాత్రం ఊరంతా సైగలే. అందుకని నేనే చెప్పేస్తాను. వరసగా 12 నెలలు నెలసరి రాకపోతే మెనోపాజ్. మన దేశంలో సగటున 46, 47 ఏళ్లకే వచ్చేస్తుంది. ఆవిర్లు నాలుగు నెలల ముచ్చట కాదు, చాలామందికి ఏడేళ్లు కూడా పడుతుంది. వాటికి మందులున్నాయి. 60 ఏళ్లలోపు, మెనోపాజ్ వచ్చి పదేళ్లు దాటని ఆరోగ్యవంతులకి హార్మోన్ మాత్రల వల్ల సాధారణంగా లాభమే ఎక్కువ. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లకి, రక్తం గడ్డకట్టే జబ్బున్నవాళ్లకి అవి పడవు, వాళ్లకి వేరేవి ఉన్నాయి. మొదటి అయిదారేళ్లలో ఎముక బలం అయిదో వంతు దాకా పోవచ్చు. చెడ్డ కొలెస్ట్రాల్ పెరుగుతుంది, గుండెజబ్బు దగ్గరవుతుంది. ఇదంతా చెప్పడానికి ఆదిశక్తి మీద ప్రసంగంలో సగం టైము సరిపోయేది, రెండు భాషల్లోనూ.

సర్కారుకి ఆడవాళ్లంటే శ్రద్ధ లేదని మాత్రం అనకండి. కడుపుతో ఉంటే జననీ సురక్ష ఉంది, ఒడిశాలో మమత డబ్బులున్నాయి, ఆశా కార్యకర్త ఇంటికొచ్చి పలకరిస్తుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే వాళ్లు 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లని కూర్చోబెట్టి బోలెడు ప్రశ్నలడుగుతారు. 50 నిండాయా, ఇక లేచి వెళ్లొచ్చు. గర్భసంచితో పాటు మనిషీ రిటైరైనట్టే లెక్క, పెన్షనుకి మాత్రం 60 దాకా ఆగాలి.

అదే సర్వే 2019–21 లెక్కల్లో ఇంకొకటుంది. గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురైతే ఆంధ్రాలో దగ్గరదగ్గర తొమ్మిది మంది. మనకి సరిహద్దు దాటితే వచ్చే పాతపట్నం ఎంత దూరమని? తెల్లబట్టైతే తీసేయ్. నడుం నొప్పైతే తీసేయ్. "పిల్లలు పుట్టేశారు కదా, ఇంకా అదెందుకు?" 35 ఏళ్ల పిల్లని ఇలా అడుగుతారు! దాంతో పాటు అండాశయాలూ తీసేస్తే మెనోపాజ్ మెల్లగా రాదు, ఆపరేషన్ బల్ల మీదే వచ్చేస్తుంది. పదేళ్ల తర్వాత రావలసిన ఎముకల ముప్పు, గుండె ముప్పు ఇప్పుడే మొదలవుతాయి. ఆ మాట చెప్పకుండా కాగితం మీద వేలిముద్ర వేయించుకున్నవాళ్లని ఏమనాలి? అనవసరపు ఆపరేషన్లు ఆపే మార్గదర్శకాలు మూడు నెలల్లో అమలు చేయమని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకి చెప్పాల్సి వచ్చింది. అవసరం లేని కోత కోయొద్దని డాక్టర్లకి కోర్టు చెప్పాలా? సిగ్గు లేదూ?

ఇంకొక్కటుంది, ఇందులో వెటకారం లేదు. ఏడాది ఆగిపోయాక మళ్లీ చుక్క రక్తం కనబడితే, అది వేడి చేయడం కాదు, మజ్జిగతో పోదు. చాలాసార్లు చిన్న కారణమే ఉంటుంది, కానీ గర్భసంచి లోపలి పొరకి క్యాన్సర్ వస్తే మొదటి గుర్తు కూడా అదే. చూస్తేనే తెలుస్తుంది. బరంపురం మెడికల్ కాలేజీకి వెళ్లండి, లేదంటే శ్రీకాకుళం వెళ్లండి. ఆంధ్రా బస్సులో ఆడవాళ్లకి ఫ్రీ అంటారు గానీ మన ఆధార్ ఒడిశాది, టికెట్ కొనాల్సిందే. కొనండి. ఇంట్లో ఆయన "మరి వంటో?" అంటే, గిన్నెలో చద్దన్నం ఉంది, బుట్టలో ఉల్లిపాయ ఉంది, మీకు రెండు చేతులున్నాయి అని చెప్పి చెప్పులేసుకోండి.