స్వెన్ ఫొయిన్ మంచివాడే, కానీ ఆ మాటతో లెక్క తీరదు

నార్వేలోని టోన్స్‌బెర్గ్ పట్టణంలో పెద్ద చర్చి దగ్గర స్వెన్ ఫొయిన్ విగ్రహం ఉంది. ఆయన గురించి ఎక్కడ చదివినా ఒకటే వరుస. తండ్రి లేని పిల్లవాడు, స్వయంకృషితో ఎదిగిన ఓడల యజమాని, దైవభక్తుడు, దాత, ఆధునిక తిమింగలాల వేటకు ఆద్యుడు. ఆ చివరి మాట దగ్గరకు వచ్చేసరికి "ఆ కాలం అలాంటిది, అప్పటివాళ్లకు ఏం తెలుసు" అని ఒక వాక్యం తగిలించి దాటేస్తారు. నాకు ఒళ్లు మండేది ఆ వాక్యం దగ్గరే.

ఆయనకు దక్కాల్సిన గౌరవాన్ని నేను కాదనను. 1809లో పుట్టాడు. నాలుగేళ్లకే తండ్రిని సముద్రం మింగేసింది. చిన్న వయసులోనే ఓడ ఎక్కాడు. 1840ల నుంచి యాన్ మాయెన్ దీవి దగ్గరి మంచు సముద్రంలో సీల్ వేటతో బాగా గడించాడు. మరొకరైతే అక్కడితో చాలనుకుని ఇంటిపట్టున ఉండేవారు. ఈయన యాభై దాటాక ఆ డబ్బు తీసి, అంతవరకు ఎవరికీ చేతకాని పనిలో పెట్టాడు.

నీలి తిమింగలాన్ని తెడ్ల పడవ అందుకోలేదు. ఎలాగో చంపినా అది మునిగిపోతుంది. వేల ఏళ్లు దాన్ని కాపాడినవి ఈ రెండే. ఫొయిన్ 1863లో 'స్పెస్ ఎట్ ఫిదెస్' అనే ఆవిరి పడవ కట్టించి ఉత్తరాన ఫిన్‌మార్క్ తీరానికి తీసుకెళ్లాడు. ఏళ్ల తరబడి విఫలమయ్యాడు. ఒకసారి హార్పూన్ (తాడు కట్టి తిమింగలం మీదకు వదిలే కొక్కేల ఈటె) తాడు కాలికి చుట్టుకుని తనే సముద్రంలోకి ఈడ్చుకుపోబడి బతికి బయటపడ్డాడు. చివరికి ఎస్‌మార్క్ అనే మతగురువు సాయంతో బాంబు హార్పూన్ తయారుచేసి, 1870లో పేటెంటు పొందాడు. పడవ ముందున్న ఫిరంగి నుంచి హార్పూన్ దూసుకెళ్లి ఒంట్లో దిగుతుంది. తిమింగలం పారిపోతూ తాడును లాగేకొద్దీ కొక్కేలు విచ్చుకుంటాయి. అవి విచ్చుకోగానే లోపలున్న చిన్న గాజు గొట్టం పగిలి, అందులోని ఆమ్లం మందుగుండును అంటిస్తుంది. అంటే ప్రాణం కాపాడుకోవడానికి ఆ జీవి చేసే పెనుగులాటే దాని కడుపులో బాంబును పేలుస్తుంది. ఈ ఏర్పాటు గురించి చదివినప్పుడల్లా నాకు గుండె పిండినట్టవుతుంది.

ఇదంతా దేవుడు అప్పగించిన పనిగా ఆయన నమ్మాడు. నటించలేదు, నిజంగానే నమ్మాడు. సంపాదనలో చాలా భాగం మిషనరీలకు, పనివాళ్ల ఇళ్లకు, ప్రార్థనా మందిరానికి ఇచ్చాడు. అలాంటి మనిషి ఎదురుగా నిలబడి "ఇది తప్పు" అని ఎవరైనా చెప్పి ఉంటే వినేవాడేమో అనిపిస్తుంది. కానీ చెప్పినవాళ్లు నిజంగానే ఉన్నారు. అదే అసలు విషయం.

వాళ్లు ఫిన్‌మార్క్ జాలర్లు. తిమింగలాలు కాపెలిన్ అనే చిన్న చేపలను ఒడ్డువైపు తరుముతాయనీ, వాటి వెంటే కాడ్ చేపలు వస్తాయనీ, తిమింగలాలు పోతే తమ నోటిదగ్గర కూడు పోతుందనీ ఫొయిన్ బతికున్న రోజుల్లోనే మొత్తుకున్నారు. వారి మొరను పూర్తిగా ఆలకించిన నాథుడు లేడు. ఆ నమ్మకానికి ఆధారం లేదని పండితులు కొట్టిపారేశారు. ప్రభుత్వం 1873లో ఫొయిన్‌కు పదేళ్ల గుత్తాధికారం కట్టబెట్టింది. గడువు తీరగానే మిగతా కంపెనీలన్నీ ఎగబడ్డాయి. జాలర్లకు తిమింగలాల మీద జాలి లేకపోవచ్చు, వాళ్ల లెక్క చేపల లెక్కే. అయినా ఆ వేట ఎటు పోతోందో ఒడ్డున నిలబడి చూసినవాళ్లు వాళ్లే. 1903లో ఫిన్‌మార్క్‌లోని మెహామ్న్ ఊరి జాలర్లు తిరగబడి అక్కడి వేట కేంద్రాన్ని పడగొట్టారు. ప్రభుత్వం సైన్యాన్ని పంపింది. 1904లో మాత్రం ఉత్తర తీరంలో వేటను పదేళ్లు నిషేధించక తప్పలేదు.

అప్పటికే ఆలస్యమైంది. ఎనభై నాలుగేళ్ల వయసులో, 1893లో ఫొయిన్ తన ఖర్చుతో 'అంటార్కటిక్' అనే ఓడను దక్షిణ ధ్రువ సముద్రానికి పంపాడు. అందులోని వాళ్లు 1895 జనవరిలో అంటార్కటికాలోని కేప్ అడేర్ దగ్గర దిగేనాటికి ఆయన చనిపోయి రెండు నెలలైంది. ఆ యాత్రలో లాభం రాలేదు కానీ, 1904 నుంచి అదే హార్పూన్‌తో ఇతరులు ఆ సముద్రాన్ని ఊడ్చేశారు. అక్కడ 2,39,000 దాకా ఉండేవని అంచనా వేసిన నీలి తిమింగలాలు 1970ల నాటికి కొన్ని వందలకు పడిపోయాయి.

కాబట్టి "అప్పటివాళ్లకు తెలియదు" అని దయచేసి రాయకండి. ఫొయిన్ దానాల గురించి ఎన్ని పుటలు రాసినా నాకు అభ్యంతరం లేదు. పక్కనే ఆ జాలర్ల గురించి కూడా రాయండి. వాళ్లు ఏమన్నారో, ఎవరు వినలేదో, వినకుండా ఎవరు బాగుపడ్డారో రాయండి.