తన మనసుకే ప్రసంగం చేసుకున్న బోధకుడు

1647 శీతాకాలంలో ఇంగ్లండ్‌లో ఒక యువ బోధకుడు చావు దగ్గరపడిందనుకుని మంచం పట్టారు. వయసు ముప్పై ఒకటి. రాజుకూ పార్లమెంటుకూ మధ్య జరిగిన అంతర్యుద్ధంలో పార్లమెంటు సైన్యానికి పాదిరిగా పనిచేస్తుండగా ముక్కు నుంచి ఆగకుండా రక్తం కారి, లేవలేని స్థితికి వచ్చారు. వుస్టర్‌షైర్‌లోని రౌస్ లెంచ్ అనే చోట, తెలిసినవాళ్ల ఇంట్లో ఆశ్రయం దొరికింది. తన పుస్తకాలేవీ దగ్గర లేవు. ఒక బైబిలు, అందులో ఏ మాట ఎక్కడుందో చూపే పదసూచిక మాత్రం ఉన్నాయి. చెదిరిపోతున్న ఆలోచనలను ఒకచోట నిలుపుకోవడానికి పరలోకం గురించి ఏదో రాసుకుందామని కూర్చున్నారు. ఒకటి రెండు ప్రసంగాలంత అవుతుందనుకున్నారు. ఎవరికో వినిపించడానికి కాదు, తన భయానికి తాను ధైర్యం చెప్పుకోవడానికి.

ఆ రాత ఎనిమిది వందల పేజీల దాకా సాగింది. ఆయన చనిపోలేదు. 1650లో అది ‘పరిశుద్ధుల నిత్య విశ్రాంతి’ అన్న అర్థం వచ్చే పేరుతో అచ్చయింది. రాసినవారు రిచర్డ్ బాక్స్టర్. ‘కాబట్టి దేవుని ప్రజలకు విశ్రాంతి నిలిచియున్నది’ అన్న హెబ్రీ పత్రికలోని ఒక్క వాక్యం దానికి పునాది.

బాక్స్టర్ జీవితకాలంలో నూటికి పైగా పుస్తకాలు రాశారు. అన్నీ చదివినవాళ్లు ఈ రోజు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది కూడా ఉండరేమో. నేను చదివినంతలో నాకు ఒకటి స్పష్టంగా కనిపించింది. బాక్స్టర్ తన మనసుతో తాను మాట్లాడుకున్న చోటల్లా ఆయన రాత మూడున్నర శతాబ్దాల తర్వాత కూడా మనల్ని పట్టుకుని నిలబెడుతుంది. ఎదుటివాళ్లను ఓడించాలని రాసిన చోటల్లా అది ఆ కాలంతోనే పోయింది.

ఆయన పుట్టింది 1615 నవంబరులో, ష్రాప్‌షైర్‌లోని రౌటన్ అనే పల్లెలో. తండ్రి ఒకప్పుడు జూదంలో ఆస్తి పోగొట్టుకుని, తర్వాత బైబిలు చదివి మారినవాడు. ఆదివారం సాయంత్రం ఊరంతా వీళ్ల ఇంటికి దగ్గర్లో ఒక చెట్టు కింద స్తంభం చుట్టూ వాయిద్యాలతో నాట్యం చేస్తుంటే, లోపల తండ్రి బైబిలు చదవడానికి ప్రయత్నించేవాడు. ఆ ఒక్క కారణానికి ఊళ్లోవాళ్లు ఆయన్ని ‘ప్యూరిటన్’ అని వెక్కిరించేవాళ్లు. బయటికెళ్లి ఆడుకోవాలని తనకూ మనసు లాగేదని, తండ్రిని తిట్టడం విన్నాకే అటు నుంచి మనసు మళ్లిందని బాక్స్టర్ తర్వాత రాసుకున్నారు. ప్యూరిటన్ అంటే మొదట్లో అదొక తిట్టు. ఇంగ్లండ్ అధికార చర్చి అయిన ఆంగ్లికన్ చర్చిలో ఇంకా సంస్కరణ జరగాలని, ఆచారం కన్నా వాక్యం ముఖ్యమని పట్టుబట్టినవాళ్లకు అంటగట్టిన పేరు.

పదిహేనేళ్ల వయసులో ఒక కూలివాడి దగ్గరున్న చిరిగిన పాత పుస్తకం చేతికొచ్చింది. మరికొంత కాలానికి పుస్తకాలు అమ్ముకునే ఒక పేద సంచారి గుమ్మంలోకి వస్తే, తండ్రి రిచర్డ్ సిబ్స్ రాసిన ‘నలిగిన రెల్లు’ కొన్నాడు. యూనివర్సిటీ మెట్లెక్కని ఈ కుర్రాడికి గురువులు ఇలా నడిచొచ్చిన పుస్తకాలే. రేపు తన పుస్తకం ఎవరి గుమ్మంలోకి నడిచెళ్తుందో అన్న స్పృహ ఆయన్ని జీవితాంతం వదల్లేదని నాకనిపిస్తుంది.

మంచం మీద రాసిన ఆ పుస్తకంలో అసలు విలువ పరలోక వర్ణనల్లో లేదు. ధ్యానం ఎలా చేయాలో చెప్పిన నాలుగో భాగంలో ఉంది. ఒక సమయం ఎంచుకో. ఒంటరిగా ఉండే చోటు చూసుకో. ఒక సత్యాన్ని తీసుకుని బుద్ధితో తూచి చూడు. ఆ తర్వాత ప్రేమను, కోరికను, ఆశను, ధైర్యాన్ని, సంతోషాన్ని ఒక్కొక్కటిగా తట్టి లేపు. అవి వాటంతట అవి లేస్తాయని ఎదురుచూడకు. ఎలా లేపాలి? మంచి బోధకుడు సంఘం ముందు నిలబడి ఏం చేస్తాడో అదే నీ మనసు ముందు చేయి. అడుగు, వివరించు, నిలదీయి, బతిమాలు. అప్పుడు దేవుడి వైపు తిరిగి ప్రార్థించు. ప్రసంగం ముందు నీకు, తర్వాతే ఎవరికైనా.

ఇది తెలుగువాళ్లకు కొత్త సంగతి కాదు. త్యాగయ్య కీర్తనల్లో ‘మనసా’ అని ఎన్నిసార్లు పిలుస్తాడో విన్నవాళ్లకు తెలుసు. బాక్స్టర్‌కు ఆ దారి చూపింది బైబిలులోని కీర్తనల గ్రంథం. ‘నా ప్రాణమా, నీవు ఏల క్రుంగియున్నావు?’ అని కీర్తనకారుడు తన ప్రాణాన్ని తానే నిలదీసిన తీరును ఆయన ఒక పద్ధతిగా, రోజూ సాధన చేయదగిన పనిగా మలిచారు. ఇక్కడే ఆయన నాకు ఎక్కువ నచ్చుతారు. భక్తి అంటే ఒక రోజు పొంగి మర్నాటికి చల్లారే ఆవేశమని మనలో చాలామంది అనుకుంటాం. మైకులో స్వరం పెరిగితే మనసు కదిలిందనుకుంటాం. ఆయన దృష్టిలో భక్తి ఒక పనితనం. చేయగా చేయగా చేతికొస్తుంది.

పనితనం అన్న మాట ఊరికే వాడలేదు. ఆయన సంఘం నేతగాళ్ల సంఘం. కిడర్‌మిన్‌స్టర్ అప్పట్లో బట్టల నేతకు పేరున్న ఊరు. 1641లో అక్కడికి వచ్చి, యుద్ధం వల్ల వెళ్లిపోయి, 1647లో తిరిగొచ్చి 1660 వరకు ఉన్నారు. సుమారు ఎనిమిది వందల కుటుంబాలు. మొదటిసారి వచ్చినప్పుడు వీధికి ఒక్క ఇంట్లో ప్రార్థన వినిపిస్తే గొప్ప. వెళ్లే నాటికి కొన్ని వీధుల్లో ప్రార్థన వినిపించని ఇల్లు ఒకటుంటే ఎక్కువ. జనం పట్టక చర్చిలో ఐదు గ్యాలరీలు కట్టాల్సి వచ్చింది. ఆ మార్పుకు నేత పని ఎలా తోడ్పడిందో ఆయనే రాశారు: మగ్గం దగ్గర నిలబడి పనిచేస్తూనే ఎదురుగా పుస్తకం తెరిచి పెట్టుకోవచ్చు, పక్కవాడితో మంచి మాట మాట్లాడుకోవచ్చు. తన పాఠకుడి చేతులు ఖాళీగా ఉండవని తెలిసి రాసిన రచయిత ఆయన.

ఊళ్లో డాక్టరు లేకపోతే చాలా ఏళ్లు తనే ఉచితంగా మందులిచ్చారు. పొరపాటు మందు ఇచ్చి ఎవరికి హాని చేస్తానో అన్న టెన్షన్ భరించలేక, చివరికి ఒక వైద్యుణ్ణి పట్టుబట్టి ఊరికి రప్పించి ఆ పని మానేశారు. బైబిలు లేని పేద ఇంటికి బైబిలు ఇచ్చారు. తన పుస్తకాలు ఇంటింటికీ పంచారు. గురువారం సాయంత్రం ఇంటి తలుపులు తెరిచి, ఆదివారం చెప్పిన ప్రసంగం మీద ఎవరికి ఏ అనుమానం ఉన్నా అడగమనేవారు. వారంలో సోమ, మంగళవారాలు పూర్తిగా కుటుంబాలకు. ఆయన, ఆయన సహాయకుడు కలిసి వారానికి పద్నాలుగు కుటుంబాల చొప్పున, ఒక్కో ఇంటివాళ్లతో గంటసేపు కూర్చుని విశ్వాసం గురించి మాట్లాడేవారు. పదేళ్లుగా ప్రసంగాలు వింటున్నా ఏమీ అంటనివాడికి ఎదురెదురుగా కూర్చున్న అరగంటలో ఎక్కువ వెలుగు కలగడం చూశానంటారు. మన తెలుగు సంఘాల్లో ఇళ్లకు వెళ్లి ప్రార్థించే అలవాటు ఇంకా బతికే ఉంది. చాలాచోట్ల అది గృహప్రవేశాలకు, జబ్బు పడ్డప్పటికే పరిమితమైపోతోంది. పదివేల కుర్చీలు వేసిన సభ మీద పెట్టే శ్రద్ధలో పదోవంతు ఆ గంట మీద పెడితే ఏమవుతుందో కిడర్‌మిన్‌స్టర్ చూపించింది.

ఈ అనుభవం నుంచి పుట్టిందే 1656లో వచ్చిన కాపరుల పుస్తకం. 1655 డిసెంబరులో వుస్టర్‌లో పాదిరులంతా ఉపవాస దినం పెట్టుకుని, ఆయన్ని మాట్లాడమన్నారు. జబ్బు చేసి వెళ్లలేకపోయారు. చెప్పాల్సింది పుస్తకం చేశారు. మందను గురించీ, మీ గురించీ జాగ్రత్తగా ఉండమని పౌలు ఎఫెసు పెద్దలకు చెప్పిన మాటను తీసుకుని, మొదట ‘మీ గురించి’ దగ్గర ఆగిపోయారు. ఇతరులకు రక్షణ ప్రకటిస్తూ తాను రక్షణ లేకుండా మిగిలిపోయే బోధకుడిని అన్నం వడ్డిస్తూ ఆకలితో పోయేవాడిలా చూశారు. అదే సూత్రం మళ్లీ: ముందు నీ మనసుకు చెప్పు. ప్రతి ప్రసంగం తనకు చివరిదేమో అన్నట్టు, చావబోయే మనిషి చావబోయే మనుషులకు చెప్పినట్టు ప్రసంగించానని ఆయన ఒక పద్యంలో రాసుకున్నారు. బతుకంతా జబ్బులతో నడిచిన మనిషికి అది అలంకారం కాదు.

ఇక ఎదుటివాళ్లతో వాదించే రెండో బాక్స్టర్. ఈయన ప్రశాంతంగా ఉండలేరు. 1649లో తన తొలి పుస్తకంతోనే, మనిషి దేవుడి ముందు నీతిమంతుడిగా ఎలా లెక్కకు వస్తాడన్న ప్రశ్న మీద తోటి ప్యూరిటన్లతోనే గొడవ తెచ్చుకున్నారు. జాన్ ఓవెన్ లాంటి దిట్ట వేదాంతితో ఏళ్ల తరబడి వాదించారు. అన్ని వర్గాలనూ కలపాలన్నది ఆయన నిజమైన కోరిక, తనను ఏ పార్టీ పేరుతోనూ పిలవొద్దని, వట్టి క్రైస్తవుణ్ణని చెప్పుకున్నారు. కానీ కలపడానికి రాసిన పుస్తకాలే ఎందరినో దూరం చేశాయి. ప్రతి ఆక్షేపణకూ జవాబు, ఆ జవాబుకు వివరణ. 1691లో, చనిపోయే ఏడాది, దయ్యాలు, మంత్రగత్తెలు నిజమని నిరూపించే పుస్తకం అచ్చువేశారు. అమెరికాలోని న్యూ ఇంగ్లండ్‌లో మంత్రగత్తెల భయాన్ని పెంచిన బోధకుడు కాటన్ మాథర్ రాతలను మెచ్చుకున్నారు. అక్కడి సేలంలో మంత్రగత్తెలన్న ముద్రతో ఉరితీతలు మర్నాటి ఏడాదే. దీన్ని కాలం తప్పు అని దాటవేయలేం. ఇదే మనిషి 1673లో వచ్చిన తన ఉద్గ్రంథంలో ఆఫ్రికన్లను పట్టుకొచ్చి అమ్మేవాళ్లను మానవజాతి శత్రువులన్నారు, వాళ్లు చేసేది లోకంలోకెల్లా నీచమైన దొంగతనాల్లో ఒకటన్నారు. అక్కడ కాలాన్ని మించి చూడగలిగిన కన్ను ఇక్కడ చూడలేకపోయింది.

తనలోని ఈ లోపం ఆయనకు తెలుసు. 1660ల మధ్యలో, యాభై ఏళ్లు దగ్గరపడుతుండగా, తన మారిన మనసు గురించి కొన్ని పేజీలు రాసుకున్నారు. చనిపోయాక 1696లో ఆత్మకథలో భాగంగా అచ్చయ్యాయి. యవ్వనంలో మూలసత్యాలను తొందరగా దాటేసి వివాదాల్లోకి పరుగెత్తానని, ఇప్పుడు విశ్వాస ప్రమాణం, ప్రభువు ప్రార్థన, పది ఆజ్ఞలే తనకు రోజువారీ రొట్టె అని అంటారు. మంచివాళ్లు తాననుకున్నంత మంచివాళ్లు కారని, చెడ్డవాళ్లని ముద్రపడ్డవాళ్లు శత్రువులు చెప్పినంత చెడ్డవాళ్లు కారని, ప్రతి మనిషిలోనూ మునుపటికన్నా ఎక్కువ మంచీ, ఎక్కువ చెడూ కనిపిస్తున్నాయని ఒప్పుకుంటారు. ప్యూరిటన్ అంటే కఠినంగా వేలు చూపించేవాడని అనుకునేవాళ్లు ఆ పేజీలు చదవాలి. అంత తెలిసీ, తర్వాత పాతికేళ్లు వాదిస్తూనే ఉన్నారు. అది దాచాల్సిన విషయం కాదు. ఎవరికీ మనసు ఒక్క ప్రసంగంతో లొంగదు, ప్రసంగం చేసినవాడికైనా సరే.

అంతర్యుద్ధంతో పోయిన రాజరికం 1660లో రెండో చార్లెస్‌తో తిరిగొచ్చింది. బాక్స్టర్‌కు హియర్‌ఫర్డ్ బిషప్ పదవి ఇస్తామన్నారు, వద్దన్నారు. తన నేతగాళ్ల దగ్గరికి జీతం లేకుండానైనా వెళ్తానంటే వెళ్లనివ్వలేదు. 1662 ఆగస్టు 24న, చర్చిలన్నిటా ఒకే ప్రార్థన పుస్తకం వాడాలనే ఏకరూప ఆరాధన చట్టం అమల్లోకి వచ్చి, సుమారు రెండు వేల మంది పాదిరులు పదవులు పోగొట్టుకున్నారు. రెండు వారాలు దాటగానే, సెప్టెంబరు 10న, ఆయన మార్గరెట్ చార్ల్‌టన్‌ను పెళ్లి చేసుకున్నారు. ఆమె ఆయనకన్నా ఇరవై ఏళ్లకు పైగా చిన్నది, ఆస్తిపరురాలు. ఆమె ఆస్తి తనకు అక్కర్లేదని, పరిచర్యకు కావలసిన సమయం ఆమె అడగకూడదని ముందే షరతులు పెట్టుకున్నారు. కొన్నేళ్లకు ఆయన్ని జైల్లో పెడితే, తమ ఇంట్లోని మంచి పరుపు తీసుకుని ఆమె కూడా వెళ్లింది. ఆమె అంత సంతోషంగా ఉన్న రోజులు తక్కువని ఆయన రాశారు.

1681 జూన్‌లో ఆమె చనిపోయింది. కొద్ది వారాల్లోనే, దుఃఖం ఆరకముందే, ఆమె జీవితం రాశారు. నా దృష్టిలో ఆయన పుస్తకాలన్నిటిలో చదివితీరాల్సిన చిన్న పుస్తకం ఇది. మనస్సాక్షికి సంబంధించిన చిక్కుల్లో తనకు తెలిసిన చాలామంది పండితులకన్నా ఆమె బాగా దారి చెప్పేదని ఒప్పుకున్నారు. తన మాట దురుసుతనం ఆమెను బాధపెట్టిందనీ దాచలేదు. వాదంలో ఎవరికీ తగ్గని మనిషి ఇక్కడ తగ్గారు.

నాలుగేళ్లకు, కొత్త నిబంధనకు రాసిన వివరణలో ప్రభుత్వాన్ని నిందించారని కేసు పెట్టారు. 1685 మే 30న జడ్జి జెఫ్రీస్ ఆ అరవై తొమ్మిదేళ్ల రోగిష్టి మనిషిని నిండు కోర్టులో ముసలి దుర్మార్గుడా అని తిట్టాడు, ఒక బండికి సరిపడా పుస్తకాలు రాశావన్నాడు. ఐదు వందల మార్కుల (మార్కు అంటే అప్పటి డబ్బు లెక్క) జరిమానా. కట్టలేదు. ఏడాదిన్నర దాకా జైలు. 1691 డిసెంబరు 8న చనిపోయే ముందు, ఎలా ఉన్నారని అడిగితే ‘దాదాపు బాగైపోయాను’ అన్నారు. ఎవరో ఆయన పుస్తకాలను మెచ్చుకుంటే, ‘నేను దేవుడి చేతిలో కలాన్ని మాత్రమే, కలానికి పొగడ్త ఏమిటి?’ అన్నారు.

రెండు శతాబ్దాల తర్వాత జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వెబర్, పెట్టుబడిదారీ మనస్తత్వం ప్యూరిటన్ల కష్టించే నీతిలో ఎలా మొలకెత్తిందో చెప్పడానికి బాక్స్టర్‌నే ప్రధాన సాక్షిగా తీసుకున్నాడు. ఆస్తి మీద చింత భక్తుడి భుజాల మీద ఎప్పుడైనా తీసి పక్కన పెట్టగల పల్చటి పైబట్టలా ఉండాలని బాక్స్టర్ అంటే, అది ఇనుప పంజరంగా మారిందన్నాడు. సమయం వృథా చేయొద్దని బాక్స్టర్ వెంటపడి చెప్పిన మాట నిజమే. ఆ కాపాడిన సమయంలో కొంత ఏ పనికీ, ఏ లాభానికీ కాకుండా మనసుతో కూర్చోవడానికి కేటాయించమన్నదీ ఆయనే. ఆ రెండో సగాన్ని వదిలేసి చూస్తే ఆయన మేస్త్రీలా కనిపిస్తారు.

ధ్యానానికి ఏ వేళ మంచిదో అన్న ప్రశ్న దగ్గర, మంచం మీద రాసిన ఆ పుస్తకం కాసేపు ఆగుతుంది. అందరికీ ఒకే నియమం పెట్టనంటారు. పనివాళ్లకు దొరికే వేళే మంచి వేళ అంటారు. సాయంకాలం పొలంలోకి ధ్యానించడానికి వెళ్లిన ఇస్సాకును గుర్తుచేసి, తనకు మాత్రం ఎప్పుడూ బాగా కుదిరింది పొద్దుగుంకినప్పటి నుంచి మసక చీకటి పడేదాకా ఉండే ఆ కాస్త వేళేనని చెబుతారు.