ఫ్లెక్సీలో లేని కోచ్ కోచేనా?

బాక్సింగ్ కోచ్ ఎంత గొప్పవాడో తేల్చడానికి ప్రపంచంలో చాలాచోట్ల ఇంకా పాత పద్ధతులే నడుస్తున్నాయి. శిష్యుడు ఎన్ని బౌట్లు గెలిచాడు, ఎన్ని దెబ్బలు తప్పించుకున్నాడు, నలభై ఏళ్లొచ్చాక కూడా తన పేరు తడబడకుండా చెప్పగలుగుతున్నాడా, ఇట్లాంటివన్నీ చూస్తారట. ఓపిక ఉన్నవాళ్ల సంగతి అది. మా ఓరుగల్లులో ఈ పని అర నిమిషంలో అయిపోతుంది. హన్మకొండ చౌరస్తాలో నిలబడి తల పైకెత్తితే చాలు.

జిల్లా పోటీల్లో పిల్లగాడు పతకం కొడితే మర్నాడు పొద్దుటికల్లా ఫ్లెక్సీ లేస్తుంది. పై వరుసలో రాష్ట్ర నాయకులు, వాళ్ల కింద జిల్లా నాయకులు, పక్కన దండం పెడుతూ డివిజన్ నాయకుడు, నడుమ నిలువెత్తు కోచ్. నల్ల ట్రాక్‌సూటు, మెడలో విజిల్, చేతులు కట్టుకొని ఒలింపిక్స్ ఉన్న దిక్కుకు చూపు. పతకం కొట్టిన పిల్లగాడు లేడని కాదు, ఉంటాడు. కుడివైపు కింది మూలన, పదో తరగతి హాల్‌టికెట్ కోసం దిగిన ఫొటోలో, ప్రింటింగ్ వాళ్ల ఫోన్ నంబరు పక్కన. కరెంటు స్తంభానికి కట్టిన తాడు సరిగ్గా అతని మొహం మీది నుంచే పోతుంది. బాక్సర్ కాబట్టి మొహం మీద ఏదో ఒకటి పడటం అలవాటే.

ఈ కొలమానాన్ని ఎగతాళి చేసేవాళ్లున్నారు. వాళ్ల నోళ్లు మూయించాలంటే ఒకటే దారి. ప్రపంచంలో గొప్ప కోచ్‌లుగా చలామణీ అవుతున్నవాళ్లను తెచ్చి మన చౌరస్తాలో నిలబెట్టి చూడటమే.

కస్ డమాటోతో మొదలుపెడదాం. న్యూయార్క్ రాష్ట్రంలో క్యాట్‌స్కిల్ అనే చిన్న ఊళ్లో ఈయన జిమ్. బాల నేరస్తుల బడిలో ఉన్న మైక్ టైసన్‌ను చేరదీసి, ఇంట్లో పెట్టుకొని, ఆ పిల్లవాడి తల్లి చనిపోతే చట్టప్రకారం సంరక్షకుడు కూడా అయ్యాడు. టైసన్ 1986 నవంబర్‌లో, 20 ఏళ్ల వయసులో, హెవీవెయిట్ ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ఆ రోజు డమాటో ఎక్కడున్నాడు? అంతకు ఏడాది ముందే, 1985 నవంబర్‌లో పోయాడు. ఫొటోకు లేడు, పూలదండకు లేడు, శాలువా కప్పించుకుని మైకు ముందు "వీణ్ని నేను మట్టిల నుంచి ఏరుకొచ్చిన" అనడానికీ లేడు. అంతకుముందు ఫ్లాయిడ్ ప్యాటర్సన్‌ను కూడా ఛాంపియన్ చేశాడంటారు. అది 1956 నాటి ముచ్చట. అప్పటికి ఫ్లెక్సీలు రాలేదు, కాబట్టి ఆధారం లేదు.

ముహమ్మద్ అలీ కోచ్ ఏంజెలో డండీకి వస్తే, ఆయన పేరు చెప్పగానే అందరూ ఎత్తేది ఒక చిరిగిన గ్లౌజు కథ. 1963 జూన్, లండన్‌లో వెంబ్లీ. ఇంకా ముహమ్మద్ అలీగా మారని కాషియస్ క్లే, నాలుగో రౌండు చివర్లో హెన్రీ కూపర్ ఎడమ హుక్‌కు, అంటే పక్క నుంచి తిప్పి కొట్టే గుద్దుకు, కింద పడ్డాడు. గంట మోగి బతికిపోయి, తూలుకుంటూ మూలకు వచ్చాడు. క్లే గ్లౌజుకు అప్పటికే చిన్న చిరుగు ఉంది. డండీ దాంట్లో వేలు పెట్టి ఇంకాస్త పెద్దది చేసి రెఫరీకి చూపించాడు. ఆ లొల్లిలో దొరికిన కాసిని క్షణాల్లో క్లే తేరుకున్నాడు. తర్వాతి రౌండులో కూపర్ కంటి దగ్గర చిట్లి రక్తం ఆగకపోవడంతో ఆట ఆపేశారు, క్లే గెలిచాడు.

దీన్ని అరవై ఏళ్లుగా తెలివి అంటున్నారు. గ్లౌజు చింపడానికి మా దగ్గర కోచ్ దాకా ఎందుకు? సంచి విప్పేసరికే అన్నీ చిరిగి ఉంటాయి. లోపలి స్పాంజి ముద్దకట్టి ఒక పక్కకు జరిగిపోయి, వేళ్ల మెటికల మీద ఉత్త రెక్సిన్ మాత్రం మిగిలి ఉంటుంది. వెల్క్రో ఎప్పుడో పట్టు వదిలేసింది, మణికట్టు చుట్టూ కరెంటు పనికి వాడే నల్ల టేపు తిప్పుతారు. వెతికితే ఎడమచేతివి మూడు దొరుకుతాయి, కుడిచేతిది ఒక్కటి. పిల్లలు వంతులేసుకుంటారు. పాపం డండీ ఆ సంచి ముందు కూర్చుంటే, రెఫరీకి దేన్ని చూపించాలో తేలక పోటీలే వాయిదా పడేవి.

ఇమాన్యుయేల్ స్టీవార్డ్ వ్యవహారం ఇంకా విడ్డూరం. 1994లో హెవీవెయిట్ ఛాంపియన్ లెనాక్స్ లూయిస్‌ను ఆలివర్ మెకాల్ రెండో రౌండులోనే పడగొట్టినప్పుడు మెకాల్ మూలలో కోచ్‌గా ఉన్నది ఈయనే. ఓడిపోయిన లూయిస్ ప్రెస్‌మీట్ పెట్టి, దిష్టిబొమ్మ ఒకటి కాల్చి ఊరుకోవాల్సింది. ఆయన మాత్రం పోయి పోయి తనను ఓడించిన ఆ స్టీవార్డ్‌నే కోచ్‌గా పెట్టుకున్నాడు. 1997లో అదే మెకాల్ మీద గెలిచి టైటిల్ వెనక్కి తెచ్చుకున్నాడు. మన లెక్కలో ఇది కండువా మార్చడం కిందికి వస్తుంది. కండువా మార్చడం తప్పని నేననను, మా జిల్లాల్లో దానికెవరూ తల కూడా తిప్పి చూడరు. కానీ మార్చినప్పుడు నియోజకవర్గ అభివృద్ధి కోసమే మారుతున్నానని చెప్పాలి కదా. లూయిస్ ఆ ఒక్క ముక్కా చెప్పలేదు. స్టీవార్డ్ అయినా చెప్పించలేదు.

ఇక రౌండుకూ రౌండుకూ నడుమ దొరికే ఆ ఒక్క నిమిషం. కోచ్ అసలు సత్తా అక్కడ తెలుస్తుందని అందరూ ఒప్పుకుంటారు. పిల్లగాడు వచ్చి స్టూలు మీద కూర్చుని, మౌత్‌గార్డ్ తీసి, నీళ్లు పుక్కిలించి, ఊపిరి అందుకునేసరికి సగం నిమిషం పోతుంది. మళ్లీ లేవడానికి పది సెకన్లు తీసేయాలి. మిగిలిన కాస్తలో ఒక్క మాటే లోపలికి పోతుందని పెద్ద పెద్ద కోచ్‌లు నమ్మి, "ఎడమ చెయ్యి దించకు" అని ఒక్కటి చెప్పి ఊరుకుంటారట. ఇంత పొదుపు మనుషుల దగ్గర నేర్చుకునేదేముంది? మావాళ్లు ఆ కాస్త సమయంలోనే, ముందు చేత్తో వేసే సూటి గుద్దైన జాబ్‌తో మొదలుపెట్టి, "అరేయ్ జాబ్ వెయ్, జాబ్ వేసి పక్కకు జరుగు, జరగకు మీదికి పో, బాడీకి కొట్టు, గార్డ్ ఎత్తు, మీ నాయిన ఎంత తిప్పలు పడి పంపిండో యాదికున్నదా, మన జిల్లా ఇజ్జత్ తియ్యకు, నీళ్లు జర తక్కువ తాగు" అని మొత్తం సిలబస్ పూర్తి చేస్తారు. మిగిలిపోయిన పాఠం ఏదైనా ఉంటే తాళ్ల అవతల నిలబడ్డ మేనమామ చూసుకుంటాడు. "కొట్టు కొట్టు" అనే ఆయన సలహాలో సాంకేతికంగా ఒక్క తప్పు కూడా పట్టలేరు.

జో ఫ్రేజియర్ కోచ్ ఎడ్డీ ఫచ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం నాకు నిజంగానే బాధేస్తుంది. 1975 అక్టోబర్ 1, మనీలా. అలీ, జో ఫ్రేజియర్‌ల మూడో పోరు. 15 రౌండ్ల ఆటలో 14 అయిపోయాయి. ఉక్కపోతలో ఇద్దరూ ఒకరినొకరు తిన్నగా తినేశారు. ఫ్రేజియర్ కళ్లు వాచి మూసుకుపోయాయి, వచ్చే గుద్దు కనిపించడం లేదు. ఫచ్ ఆయన్ను లేవనివ్వలేదు, ఆట ఆపేయమని రెఫరీకి చెప్పేశాడు. ఫ్రేజియర్ ఒప్పుకోలేదు, ఆడతానని పట్టుబట్టాడు. ఫచ్ భుజం మీద చెయ్యేసి, కూర్చో బిడ్డా అయిపోయింది, ఈ రోజు నువ్వు చేసింది ఎవరూ మరిచిపోరు అన్నాడు. అవతలి మూలలో అలీ కూడా కూలబడే స్థితిలోనే ఉన్నాడని తర్వాత ఎన్నో ఏళ్లు చెప్పుకున్నారు.

మూడే మూడు నిమిషాలు! నిలబడితే ఏమయ్యేదో! రింగులో దెబ్బలు తిని ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లను ఫచ్ కళ్లారా చూశాడని, ఫ్రేజియర్‌కు భార్యాపిల్లలు ఉన్నారని గుర్తుపెట్టుకున్నాడని ఆయన తరఫున వాదిస్తారు. అది ఆయన వ్యక్తిగత బలహీనత. దాన్ని ఆటలోకి తేకూడదు. మా జిల్లా పోటీల్లో ముక్కు నుంచి రక్తం కారుతూ రెఫరీ ఎనిమిది దాకా లెక్కపెడుతుంటే, కింద నుంచి కోచ్ "ఏంగాదు, ఏంగాదు, లే బిడ్డా" అంటాడు. ఏంగాదని అంత నమ్మకంగా ఎట్లా చెప్పగలడంటే, ఆ ముక్కు ఆయనది కాదు. ఓటమి ఒప్పుకొని ఆట ఆపించడానికి టవల్ విసిరే ఆచారం కూడా మా దగ్గర లేదు. ఉన్నది ఒక్కటే టవల్, దాంతో కోచ్ మెడ తుడుచుకుంటున్నాడు.

ఫచ్‌కు పట్టిన జబ్బు ఇందూరు వాళ్లకూ అంటుకున్నట్టుంది. నిజామాబాద్ బాక్సర్ మహ్మద్ హుసాముద్దీన్ 2023లో తాష్కెంట్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ సెమీఫైనల్ దాకా పోయాడు. మోకాలికి గాయమైందని బరిలోకి దింపలేదు, కాంస్యంతో తిరిగొచ్చాడు. కుంటుకుంటూ ఆడి ఉంటే ఎంత గొప్ప వీడియో అయ్యేది! స్టేటస్‌లకు ఏడాది పాటు సరిపోయేది.

నాకు తెలిసిన ఒకాయన ఉన్నాడు. పేరు చెప్పను, చెప్పినా ఫ్లెక్సీల మీద చూసి ఉండరు. పొద్దున అయిదున్నరకు పాత టీవీఎస్ ఎక్సెల్ మీద గ్రౌండుకు వస్తాడు. వచ్చి చేసే పనేంటంటే, పిల్లల చేతులకు గుడ్డ చుడతాడు. బ్యాండేజ్ కొసన ఉన్న ఉంగరాన్ని బొటనవేలికి తగిలించి, మణికట్టుకు మూడు చుట్లు, అరచేతి మీదుగా మెటికలకు మూడు, ఒక్కో వేలి సందు నుంచి ఒక్కో వరుస, మళ్లీ మణికట్టుకు. చుట్టాక, "పిడికిలి బిగియ్. ఇగ ఇడువు. తిమ్మిరి గిట్ల పడుతుందా?" అంటాడు. పిల్లగాడు "లేదు సార్" అన్నా నమ్మడు. గోరు నొక్కి, తెల్లబడ్డ చోట ఎరుపు మళ్లీ వచ్చిందాకా చూసి, నచ్చకపోతే మొత్తం విప్పి మొదటి నుంచి చుడతాడు. పిడికిలిలో బొటనవేలు బయట ఉందా, లోపలికి పోయిందా అని ఒక్కొక్కరివే పట్టి చూస్తాడు. లోపల పెట్టుకొని గుద్దితే విరిగేది ఎదుటివాడి దవడ కాదట.

ఒక తండ్రి వచ్చి, "సార్, మా వానికి స్పోర్ట్స్ కోటాల సీటు వస్తదా?" అని అడిగాడు. తెలిసిన కోచ్ అయితే అక్కడికక్కడే ఇంజనీరింగ్ కాలేజీ పేరుతో సహా చెప్పి ఫీజు కట్టించుకునేవాడు. ఈయన, "ముందుగాల స్కిప్పింగ్ నేర్వనియ్యున్రి అన్నా, ఇంక తాడే తిప్పొస్తలేదు" అన్నాడు. మర్నాటి నుంచి ఆ పిల్లవాడు రాలేదు.

బొటనవేళ్ల మీద ఇంత మమకారం ఉన్న మనిషికి ద్రోణాచార్య అవార్డు ఎట్లా వస్తుంది చెప్పండి. 1985లో ఆ అవార్డు పెట్టిన మొదటి ఏడే బాక్సింగ్ కోచ్ ఓం ప్రకాశ్ భరద్వాజ్‌కు కూడా ఇచ్చారు, బాగానే ఉంది. కానీ పేరు ఎవరిదో ఒకసారి గుర్తు చేసుకోవాలి. పాఠం చెప్పనన్నాడు, పిల్లవాడు అడవిలో మట్టిబొమ్మ పెట్టుకొని తనంతట తాను నేర్చుకున్నాడు, నేర్చుకున్నాక వచ్చి కుడిచేతి బొటనవేలు ఫీజుగా తీసుకుపోయాడు. గురుత్వం అంటే అది. మావాళ్లు ఆ సంప్రదాయాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తున్నారు, మట్టిబొమ్మకు బదులు విజిల్ పెట్టారు, అంతే తేడా. బొటనవేలు అడగరు. సర్టిఫికెట్ మీద సంతకానికి ఎంతో కొంత అడుగుతారు.

ఇంత చెప్పి నిఖత్ జరీన్ ఊసెత్తకపోతే అన్యాయం. నిజామాబాద్‌లో పరుగు పందేలు ఆడుతున్న అమ్మాయిని బాక్సింగ్‌లో దింపింది తండ్రి జమీల్ అహ్మద్. అక్కడ మొదట నేర్పింది హుసాముద్దీన్ తండ్రి. మగపిల్లలతోనే స్పారింగ్, అంటే సాధన పోరు, చేయించారు, ఎందుకంటే ఇంకో ఆడపిల్ల లేదు. తర్వాత 2009లో ఆమె విశాఖలోని సాయ్ (భారత క్రీడా ప్రాధికార సంస్థ) కేంద్రానికి పోయింది. అప్పటికి రాష్ట్రం ఒకటే అయినా, చేతికొచ్చిన పంటను ఇంకో కోచ్ కల్లంలో పోసి రావడం ఎక్కడి తెలివి? 2011లో టర్కీలో జూనియర్ ప్రపంచ ఛాంపియన్ అయ్యింది. 2022 మే 19న అదే టర్కీలో, ఇస్తాంబుల్‌లో, థాయ్‌లాండ్ బాక్సర్‌ను 5-0తో ఓడించి అసలు ప్రపంచ ఛాంపియన్ అయ్యింది. ఆ రాత్రి తెల్లారేలోగా బాసర నుంచి భద్రాచలం దాకా ఆమెకు తొలి జాబ్ నేర్పినవాళ్లు ఎంతమంది బయటపడ్డారో లెక్క లేదు. 2023లో ఢిల్లీలో మళ్లీ గెలిచేసరికి రెండో జాబ్ నేర్పినవాళ్లు కూడా తోడయ్యారు.

2024లో పారిస్ ఒలింపిక్స్‌లో చైనాకు చెందిన వు యు చేతిలో ఆమె ఓడిపోయింది. ఆ సాయంత్రం అడిగితే, జాబ్ అంటే ఏ చెయ్యో కూడా ఎవరికీ సరిగ్గా గుర్తు లేదు. ఆ తర్వాత సెప్టెంబర్‌లో ఆమె తెలంగాణ పోలీసు శాఖలో డీఎస్పీగా చేరింది. ఇప్పుడు గురువులకు జ్ఞాపకశక్తి మెల్లగా తిరిగొస్తోంది. కాకపోతే అవతల ఉన్నది పోలీసు అధికారి, ఎప్పుడైనా పిలిచి అడగొచ్చు కాబట్టి, "నేర్పిన" అనడం లేదు. "అప్పట్ల గ్రౌండు పక్క పొంటి పోతాంటె జర చూసిన" అంటున్నారు.