రీహ్యాబ్ నుంచి ఇంటికొచ్చిన మర్నాడు

తాగుడో మత్తుమందో మానడానికి ఒక మనిషి రీహ్యాబ్‌లో, అంటే మాన్పించే చికిత్సా కేంద్రంలో చేరితే తెలిసినవాళ్ళంతా కదిలొస్తారు. పిల్లల్ని బడిలో దింపేవాళ్ళు ఒకరు, ఆఫీసు సెలవు కాగితాలు చూసేవాళ్ళు ఇంకొకరు. నాలుగు వారాలకు ఆ మనిషి ఇంటికొస్తాడు. అమ్మయ్య, గండం గడిచిందనుకుని ఎవరి పనుల్లో వాళ్ళు పడిపోతారు. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ సీసా చేతికందలేదు, పాత స్నేహితుడు తలుపు తట్టలేదు, అప్పిచ్చినవాడు ఫోన్ చేయలేదు. ఇంటికి రాగానే ఇవన్నీ ఒకేసారి మీద పడతాయి. ఈ విషయంలో తెలుగు సంఘాలు ఏదైనా చేయదలుచుకుంటే అవగాహన సదస్సుల కన్నా ముందు ఈ మర్నాటిని పట్టించుకోవాలన్నది మా అభిప్రాయం. ఆ రోజు మొదలు ఏడాది పాటు, వారం తప్పకుండా.

ఏడాది అని ఊరికే అనడం లేదు. చికిత్స పొందినవారిలో 40 నుంచి 60 శాతం మంది ఏడాది తిరిగేలోగా మళ్ళీ ముట్టుకుంటారని 2000లో వెలువడిన ఒక వైద్య సమీక్ష లెక్కగట్టింది. బీపీ, షుగరు, ఉబ్బసం ఉన్నవాళ్ళు మందులు, నియమాలు వదిలేసి జబ్బు తిరగబెట్టుకోవడంతో దీన్ని పోల్చి చూసి, పెద్ద తేడా లేదని తేల్చింది. బీపీ మళ్ళీ పెరిగినవాణ్ణి మనం సిగ్గులేనివాడనం. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాం.

పరిసరాల బలం ఎంతటిదో 1970లలో అమెరికా సామాజిక శాస్త్రవేత్త లీ రాబిన్స్ చేసిన పరిశోధన చూపించింది. వియత్నాంలో హెరాయిన్‌కు బానిసలైన అమెరికన్ సైనికులు ఇళ్ళకు చేరాక ఏమయ్యారో ఆమె బృందం వెతికి చూసింది. తొలి ఏడాదిలో మళ్ళీ బానిసలైనవారు సుమారు 5 శాతమే. వాళ్ళకు చోటు మారింది, చుట్టూ మనుషులు మారారు. రీహ్యాబ్ నుంచి వచ్చే మనిషి పరిస్థితి సరిగ్గా దీనికి తలకిందులు. తాగిన గదికే, తాగిన సోఫాకే, తాగిన స్నేహాలకే తిరిగొస్తాడు. ఇల్లు మార్చడం మన వల్ల కాదు. ఆ ఇంట్లో సాయంత్రం 6 నుంచి 10 దాకా గడిచే తీరును మార్చడం మాత్రం మన చేతుల్లో పనే.

ఇక్కడే మనసుకు తగిలిన గాయాల సంగతి చెప్పాలి. 1998లో ఫెలిటి, అండా అనే ఇద్దరు వైద్యులు, వారి సహచరులు వేలమంది పెద్దలను చిన్నప్పటి అనుభవాల గురించి అడిగారు. దెబ్బలు, లైంగిక వేధింపు, ఇంట్లో హింస లాంటివి నాలుగు రకాలో అంతకు మించో అనుభవించినవారిలో తాగుడు, మత్తుమందులు, డిప్రెషన్, ఆత్మహత్యాయత్నాల ముప్పు 4 నుంచి 12 రెట్లు ఎక్కువగా కనిపించింది. వీళ్ళలో చాలామంది తాగేది సరదాకి కాదు, పీడకలలు రాకుండా నిద్రపట్టడానికి. మానేసిన తొలి వారాల్లో ఆ కలలు మళ్ళీ గట్టిగా తిరిగిరావచ్చు. చిన్న చప్పుడుకే ఉలిక్కిపడటం, ఊరికే విసుక్కోవడం, ఎవరితోనూ కలవకపోవడం మొదలవుతుంది. చూసేవాళ్ళకు "మానేశాక ఇంకా పాడయ్యాడు" అనిపిస్తుంది. ముందు తాగుడు మానుకో, మిగతాది తర్వాత చూద్దాం అనే పాత పద్ధతి వీళ్ళను సగం దారిలో వదిలేసేది. రెండింటికీ కలిపి చికిత్స చేసే థెరపిస్టును వెతికిపెట్టడం సంఘం చేయగల మొదటి పెద్ద సాయం.

అయితే గాయాన్ని తవ్వడం మన పని కాదు. "అసలేం జరిగిందో చెప్పేయ్, మనసు తేలికవుతుంది" అని బలవంతపెట్టడం చాలామంది మంచి ఉద్దేశంతో చేసే తప్పు. ఘటన జరిగిన వెంటనే ఒక్క విడతలో అంతా చెప్పించే డీబ్రీఫింగ్ పద్ధతి వల్ల లాభం లేదని, కొందరికి కీడు కూడా జరిగిందని అధ్యయనాలు తేల్చాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో తెచ్చిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శి చెప్పే పనులు మూడే: చూడండి, వినండి, సరైన చోటికి చేర్చండి.

ప్రాణాల మీదకు తెచ్చే తప్పులు కొన్నున్నాయి. వీటిని ప్రతి కార్యకర్తా కంఠస్థం చేయాలి. రోజూ బాగా తాగే మనిషిని గదిలో పెట్టి తాళం వేసి ఉన్నపళాన మాన్పించకూడదు. చివరి గుక్క తర్వాత 6 నుంచి 24 గంటల్లో చేతుల వణుకు, చెమటలు మొదలవుతాయి. 48 గంటల్లోపు ఎప్పుడైనా ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య కొందరికి మతి తప్పి, లేనివి కనిపించి, జ్వరం, గుండెదడతో ప్రాణమే పోవచ్చు. ఇదివరకు ఫిట్స్ వచ్చినవాళ్ళు, నిద్రమాత్రలు కూడా వాడేవాళ్ళు తప్పనిసరిగా వైద్యుల పర్యవేక్షణలోనే మానాలి. తికమక, తూలుతూ నడవడం, కళ్ళు ఒకచోట నిలవకపోవడం కనిపిస్తే బి1 విటమిన్ లోపం మెదడును దెబ్బతీస్తోందేమోనని అనుమానించి అత్యవసర విభాగానికి తీసుకెళ్ళాలి. "ఇంకా మత్తు దిగలేదు" అనుకుని పడుకోబెట్టకూడదు.

రెండో తప్పు, తెలియకుండా అన్నంలో మాత్రలు కలపడం. తాగుడు మాన్పించడానికిచ్చే డైసల్ఫిరామ్ వాడే మనిషి తాగితే ఒళ్ళంతా ఎర్రబడి, వాంతులై, బీపీ పడిపోతుంది. ఆఖరి మాత్ర వేసిన రెండు వారాల దాకా ఈ ప్రమాదం ఉంటుంది. మాత్ర వేసుకుంటున్నానని తెలిసినవాడు జాగ్రత్తపడతాడు. తెలియనివాడు కుప్పకూలుతాడు. మూడోది హెరాయిన్, నొప్పిమాత్రల లాంటి ఓపియాయిడ్ల విషయం. కొన్ని వారాలు మానేసరికి శరీరం తట్టుకునే శక్తి తగ్గిపోతుంది. మళ్ళీ పాత మోతాదే తీసుకుంటే ఊపిరి ఆగుతుంది. అందుకే రీహ్యాబ్ నుంచి వచ్చిన తొలి వారాలు అత్యంత ప్రమాదకరం. అలాంటి ఇంట్లో ఓపియాయిడ్ ప్రభావాన్ని తిప్పికొట్టే నాలోక్సోన్ ముక్కు స్ప్రే ఉండాలి. పెదాలు నీలిరంగు తిరిగి, కంటిపాపలు సూదిమొనంత అయి, ఊపిరి గురగురమంటూ నెమ్మదిస్తే ముందు అంబులెన్సుకు ఫోన్ చేసి, స్ప్రే కొట్టి, 2, 3 నిమిషాల్లో తేరుకోకపోతే రెండోది కొట్టాలి. దాని ప్రభావం 30 నుంచి 90 నిమిషాలే కాబట్టి లేచి కూర్చున్నా ఆసుపత్రికి వెళ్ళాల్సిందే.

మన భాషలో మందంటే తాగేదీ, జబ్బుకు వాడేదీ కూడా. ఆ మాట చేసే కీడు చిన్నది కాదు. "మందు మానేశాడు కదా, మళ్ళీ ఈ మందులెందుకు? ఒకటి వదిలి ఇంకోటి పట్టుకున్నట్టేగా" అని దగ్గరివాళ్ళే అంటారు. ఓపియాయిడ్ వ్యసనానికిచ్చే మెథడోన్, బ్యూప్రెనార్ఫిన్‌లను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లోనే అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. అవి వాడుతున్నంతకాలం మరణాల ముప్పు బాగా తగ్గుతుంది. తాగుడు తపనను తగ్గించే నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ కూడా ఉన్నాయి. వీటిని ఆపాలా వద్దా అన్నది డాక్టరుకూ రోగికీ మధ్య మాట.

ఇప్పుడు వారం వారం జరిగే సమావేశం సంగతి. 1935లో అమెరికాలోని అక్రన్ పట్టణంలో ఇద్దరు తాగుబోతులు ఒకరికొకరు ఆసరాగా నిలబడటంతో ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే, తాగుడు మానేవాళ్ళు పేర్లు బయటపెట్టకుండా కలుసుకునే సంఘం పుట్టింది. ఆ పద్ధతి, అందులోకి మనిషిని చేర్చే చికిత్స కలిస్తే పూర్తిగా మానేయడంలో ఇతర చికిత్సలతో సమానంగానో, మెరుగ్గానో ఉన్నాయని వైద్య అధ్యయనాలను కూడగట్టి చూసే కాక్రేన్ సంస్థ 2020 సమీక్ష తేల్చింది. ఆ పద్ధతిలో వచ్చే దైవం మాట నచ్చనివారికి 1994 నుంచి స్మార్ట్ రికవరీ అనే ఆసరా సమావేశాలున్నాయి. స్థానికంగా ఇవి ఉంటే మనిషిని అక్కడికి చేర్చండి, తొలి మూడుసార్లు వెంట వెళ్ళి బయట కూర్చోండి. అయినా తల్లిభాషలో ఒక సమావేశం ఉండాలని గట్టిగా అంటాం. సిగ్గు, భయం, అమ్మ, నాన్న అనే మాటలు ఇంకో భాషలో అంత తొందరగా నోటికి రావు.

ఎనిమిది నుంచి పన్నెండు మంది, గంట నుంచి గంటన్నర, ప్రతి వారం అదే రోజు, అదే వేళ. గుండ్రంగా కుర్చీలు వేసి రెండింటిని గోడకు ఆనుకుని, తలుపు కనిపించేలా ఉంచండి. హింస చూసినవాళ్ళు వెనక ఎవరైనా నిలబడితే కుదురుగా కూర్చోలేరు. తలుపుకు గడియ పెట్టకండి. ఎప్పుడైనా లేచి వెళ్ళొచ్చని మొదటే చెప్పండి. అడక్కుండా భుజం మీద చెయ్యి వేయకండి. ఒక్కొక్కరు 4, 5 నిమిషాలు మాట్లాడతారు. మాట్లాడకపోయినా ఫర్వాలేదు. ఒకరు చెప్పినదాని మీద ఇంకొకరు సలహా ఇవ్వకూడదు. సమావేశాలు చెడిపోయేది ఎక్కువగా ఈ ఒక్క నియమం సడలినప్పుడే. పెద్దమనిషి ఒకాయన హితబోధ మొదలుపెడితే మరుసటి వారం సగం కుర్చీలు ఖాళీ.

రహస్యం కాపాడటం చెప్పినంత తేలిక కాదు. వాట్సాప్ గ్రూపు పెడితే అందరి నంబర్లూ అందరికీ కనిపిస్తాయి, కాబట్టి గ్రూపు వద్దు. విడివిడిగా సందేశం పంపండి. హాజరు పట్టీ, ఫోటోలు వద్దు. హాలు తలుపు మీద వ్యసనం పేరు రాయొద్దు. సంఘం వార్షిక నివేదికలో ఎంతమంది వచ్చారో అంకె చాలు. కార్యకర్త ఇంట్లో జీవిత భాగస్వామికి కూడా చెప్పకూడదు. ప్రాణాపాయం, పిల్లలకు హాని తెలిసినప్పుడు మాత్రం చెప్పక తప్పదని మొదటి రోజే అందరికీ వినిపించాలి. ఇదంతా ఎందుకంటే, ఒక్కసారి ఒక పేరు బయటికి పొక్కితే ఆ చుట్టుపక్కల ఇంకెవరూ రారు. ఆడవాళ్ళయితే అసలే రారు. వాళ్ళు ఇప్పటికే అందరికన్నా ఎక్కువ దాచుకుని బతుకుతున్నారు. వాళ్ళకు వేరే సమావేశం పెట్టడం మేలు.

సమావేశాల మధ్య రోజుల్లో ఫోన్ ఉంటుంది. ఒక్కో మనిషికి ఇద్దరు కార్యకర్తలను పెట్టండి. బంధువులు, పై అధికారులు, అప్పిచ్చినవాళ్ళు పనికిరారు. రాత్రి 9 గంటలకు ఫోన్ వస్తుంది. "తాగాలనిపిస్తోంది." ఆ తపన అలలా లేచి, ముట్టుకోకపోతే సాధారణంగా 20, 30 నిమిషాల్లో దిగిపోతుంది. మీ పని ఆ అరగంట దాటించడమే. "ఎక్కడున్నారు? చేతిలో ఏముంది? పక్కన ఎవరున్నారు?" అని అడగండి. సీసా ఉన్న గదిలోంచి బయటికి రమ్మనండి. తపన పదికి ఎంతుందో అడిగి, ప్రతి ఐదు నిమిషాలకూ మళ్ళీ అడగండి. 8 అన్నది 6కి దిగిందని తన నోటితోనే విన్నప్పుడు ఆ మనిషికి నమ్మకం కుదురుతుంది. అన్నం తిన్నారా, ఎవరితోనైనా గొడవపడ్డారా, ఒంటరిగా ఉన్నారా, నిద్ర చాలలేదా అని చూడండి. చాలాసార్లు మూలం ఆ నాలుగింట్లో ఏదో ఒకటే. పాత జ్ఞాపకం కమ్ముకుని వణికిపోతుంటే చుట్టూ కనిపించే ఐదు వస్తువులు, తాకగలిగే నాలుగు, వినిపించే మూడు శబ్దాలు, రెండు వాసనలు, ఒక రుచి చెప్పమనండి. "పిల్లల మొహం చూసైనా మానలేవా" అనే మాట మాత్రం అనకండి. సిగ్గు మనిషిని మళ్ళీ సీసా దగ్గరికే నెడుతుంది. బతకాలని లేదన్న ధ్వని వినబడితే "చనిపోవాలనుకుంటున్నారా?" అని సూటిగా అడగండి. అడగడం వల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. అవునంటే ఫోన్ పెట్టకుండా రెండో కార్యకర్తను ఆ ఇంటికి పంపి, అత్యవసర సేవలను పిలవండి.

కార్యకర్తకూ హద్దులుండాలి. అప్పు ఇవ్వకూడదు, ఆఫీసుకు అబద్ధం చెప్పకూడదు, ఒకేసారి ఇద్దరికి మించి బాధ్యత తీసుకోకూడదు. వినేవాళ్ళకూ నెలకోసారి అనుభవమున్న కౌన్సెలర్‌తో కూర్చునే వీలుండాలి. లేకపోతే ఆరు నెలల్లో అలసిపోయి ఫోన్ ఎత్తడం మానేస్తారు.

ఇంట్లోవాళ్ళ విషయంలో మా మొగ్గు కుటుంబ సభ్యులకు శిక్షణనిచ్చే క్రాఫ్ట్ (CRAFT) అనే పద్ధతి వైపు. నిలదీయడం, బెదిరించడం బదులు మత్తులో లేని గంటలను ఆహ్లాదంగా మార్చడం, తాగినప్పుడు జరిగిన నష్టాన్ని తాము సర్దిపెట్టకపోవడం, మనిషి తేటగా ఉన్న వేళ చూసి చికిత్స మాటెత్తడం ఇందులో నేర్పుతారు. 1999లో 130 మంది కుటుంబ సభ్యులతో జరిగిన అధ్యయనంలో ఈ పద్ధతి నేర్చుకున్నవారిలో 64 శాతం మంది తమవాళ్ళను చికిత్సకు ఒప్పించగలిగారు. అందరూ చుట్టుముట్టి నిలదీసే పద్ధతిలో అది 30 శాతమే. ఇంట్లో కొట్టడం ఉంటే మాత్రం ముందు ఆ ఇల్లాలి, పిల్లల భద్రత చూడాలి, తర్వాతే ఏ పద్ధతైనా. డాక్టరు దగ్గర తల్లిదండ్రుల మాటలను పిల్లల చేత అనువాదం చేయించకండి. నాన్న చచ్చిపోవాలనుకుంటున్నాడన్న వాక్యం పన్నెండేళ్ళ పిల్ల నోట పలికించకూడదు. భాష వచ్చిన ఇద్దరు ముగ్గురికి శిక్షణ ఇప్పించి సంఘమే పంపవచ్చు.

సంఘం వేడుకల్లో మద్యం ఉండాలా వద్దా అన్న వాదనలోకి దిగం. ఉన్నచోట మాత్రం మద్యం లేని పానీయాలు అదే బల్ల మీద, అవే గ్లాసుల్లో ఉండాలి. లక్కీ డ్రాలో సీసా బహుమతిగా పెట్టొద్దు. వద్దన్న మనిషిని ఎందుకని అడగొద్దు.

మళ్ళీ ముట్టుకున్న మనిషి రెండు వారాలు మాయమవుతాడు. మొహం చెల్లక రాడు. ఒక్క గుక్క పడగానే "ఇంతా చేసి పోయింది, ఇంకేముంది" అనుకోవడం వల్లే ఆ గుక్క వారం రోజుల తాగుడవుతుంది. రానప్పుడు 24 గంటల్లోపు ఫోన్ చేయాలి. ఎత్తకపోతే వెళ్ళి తలుపు తట్టాలి. తట్టి అడగాల్సింది ఎందుకు తాగావని కాదు. ఎంత, ఎప్పటి నుంచి, ఇంకేమైనా కలిపావా, డాక్టరుకు చెప్పావా అని. మత్తులో ఉంటే ఆ వారం సమావేశంలో కూర్చోబెట్టక్కర్లేదు, ఇంటికి చేర్చి మరుసటి వారానికి రమ్మనాలి. హాలు తాళంచెవులు మాత్రం ఇద్దరి దగ్గర ఉంచండి. ఒకరికి జ్వరమొచ్చినా, వాన పడినా, వచ్చేది ఒక్కరే అని తెలిసినా తలుపు ఆ వేళకే తెరవాలి.