నమ్మకం మీదే, ఆచరణ మాది: మోర్మన్ల కేసుల్లో జరుగుతూ వచ్చిన గీత

అమెరికాలో మత స్వేచ్ఛకు పూచీ ఏదంటే అందరూ తొలి రాజ్యాంగ సవరణనే చూపిస్తారు. 19వ శతాబ్దంలో అమెరికాలోనే పుట్టిన మత శాఖకు చెందిన మోర్మన్లకు మాత్రం అది రెండుసార్లు అక్కరకు రాలేదు. ఆ రెండుసార్లూ కారణం ఒకటి కాదు.

1838 అక్టోబర్ 27న మిస్సోరి గవర్నర్ లిల్‌బర్న్ బాగ్స్, మోర్మన్లను నిర్మూలించాలి లేదా రాష్ట్రం నుంచి వెళ్లగొట్టాలి అని రాతపూర్వకంగా ఉత్తర్వు ఇచ్చాడు. మత స్థాపకుడు జోసెఫ్ స్మిత్ వాషింగ్టన్ వెళ్లి మొరపెట్టుకున్నా ఫలితం దక్కలేదు. తొలి సవరణ అప్పట్లో కాంగ్రెస్‌నే, అంటే అమెరికా పార్లమెంటునే కట్టడి చేసేది, రాష్ట్రాల జోలికి పోయేది కాదు. మత స్వేచ్ఛ నిబంధన రాష్ట్రాలకూ వర్తిస్తుందని సుప్రీంకోర్టు చెప్పింది 1940లో. బాగ్స్ ఉత్తర్వును మిస్సోరి వెనక్కి తీసుకున్నది 1976లో!

1847లో వాళ్లు సాల్ట్ లేక్ లోయకు చేరారు. 1850లో అక్కడ ఏర్పడిన యూటా రాష్ట్రం కాదు, టెరిటరీ, అంటే రాష్ట్ర హోదా లేని, కేంద్రం అధీనంలోని ప్రాంతం. అక్కడి చట్టాలపై చివరి మాట కాంగ్రెస్‌దే కాబట్టి సవరణ నేరుగా వర్తించాలి. మోర్మన్లలో కొందరు బహుభార్యాత్వాన్ని మతధర్మంగా పాటించేవారు. కానీ 1862లో బహుభార్యాత్వాన్ని నేరం చేసిన చట్టంపై రేనాల్డ్స్ కేసు నడిచినప్పుడు, 1879లో సుప్రీంకోర్టు ఒక గీత గీసింది: నమ్మకం చట్టానికి అతీతం, ఆచరణ కాదు. భర్త చితిపై భార్య కాలిపోవడం మతధర్మమని నమ్మితే ప్రభుత్వం ఆపకూడదా అని అడిగింది. మన సతీసహగమనం అలా అమెరికా తీర్పులోకి ఎక్కింది.

బలవంతపు పెళ్లిళ్లను ఆపడం ప్రభుత్వ బాధ్యతే. నా అభ్యంతరం వేరు: ఆ గీత దగ్గర ప్రభుత్వమే ఆగలేదు. రెండో పెళ్లిని రుజువు చేయడం కష్టమవుతోందని 1882లో ఎడ్మండ్స్ చట్టం ఒకరికి మించిన భార్యలతో కాపురం చేయడాన్నే నేరం చేసింది. శిక్ష 6 నెలల జైలు, 300 డాలర్ల జరిమానా వరకు. 1887 నాటి చట్టం మోర్మన్ చర్చి చట్టబద్ధ హోదాను రద్దుచేసి ఆస్తుల స్వాధీనానికి దారి తీసింది. 1870 నుంచి ఓటు వేస్తున్న యూటా స్త్రీల ఓటునూ లాగేసుకుంది. ఎవరిని కాపాడుతున్నామన్నారో వాళ్ల నోరే నొక్కేశారు.

పొరుగున ఉన్న ఇడాహో టెరిటరీ ఇంకా ముందుకు పోయింది. ఓటరుగా నమోదు కావాలంటే బహుభార్యాత్వాన్ని బోధించే సంస్థలో సభ్యుణ్ని కానని ప్రమాణం చేయాలి. ఒక్క భార్యే ఉన్న మోర్మన్ కూడా సభ్యత్వం కారణంగా ఓటు కోల్పోతాడు. దీన్ని 1890 ఫిబ్రవరిలో డేవిస్ కేసులో సుప్రీంకోర్టు సమర్థించింది. ఆచరణను శిక్షించే అధికారం పదకొండేళ్లలో సభ్యత్వం దాకా పాకింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో చర్చి అధ్యక్షుడు విల్‌ఫర్డ్ వుడ్రఫ్ కొత్త బహుభార్యా వివాహాలకు స్వస్తి ప్రకటించాడు. 1896లో యూటాకు రాష్ట్ర హోదా వచ్చింది, ఆ వివాహాలపై శాశ్వత నిషేధం రాజ్యాంగంలో రాసుకున్నాకే.

డేవిస్ తీర్పులో బహుభార్యాత్వాన్ని సమర్థించేవారికి ఓటు నిరాకరించవచ్చన్న భాగం ఇక చెల్లదని 1996లో అదే కోర్టు అంది. రేనాల్డ్స్ మాత్రం బతికే ఉంది: 1990లో పెయోటీ అనే మత్తు కలిగించే కాక్టస్‌ను మతకర్మలో సేవించిన అమెరికా ఆదివాసీ చర్చి సభ్యులకు వ్యతిరేకంగా దాన్నే ఉదహరించారు. 2020లో యూటా, ఇష్టపడి కలిసి బతికే పెద్దల బహుభార్యాత్వాన్ని చిన్న ఉల్లంఘన స్థాయికి తగ్గించింది. మోసం, బలవంతం, మైనర్లతో పెళ్లి ఉంటే తీవ్ర నేరంగానే ఉంచింది. 1882లో గీయాల్సిన గీత ఇదే.