మనది కాని అప్పుకు సెటిల్‌మెంట్ ఎందుకు?

వరంగల్, హనుమకొండ, పరకాల వాట్సాప్ గ్రూపుల్లో కొంతకాలంగా ఒక సందేశం తిరుగుతున్నది. మీ పాన్, ఆధార్ వాడుకొని ఎవరైనా మీ పేరు మీద అప్పు తీసుకుంటే ఎంతో కొంత కట్టి సెటిల్ చేసుకోవడమే దారి అని, పోలీసుల దగ్గరకు పోతే ఏళ్లు పడుతుందని, మన అప్పుల చరిత్రకు స్కోరు ఇచ్చే సిబిల్ ప్రైవేటు కంపెనీ కనుక దాన్ని అడిగేవారే లేరని, స్కోరు మాటిమాటికీ చూసుకుంటే తగ్గుతుందని, 5,000 రూపాయలిస్తే 15 రోజుల్లో స్కోరును 750 దాటిస్తామని అందులో ఉన్నది. చదువుకున్నవారు సైతం దీన్ని పదిమందికి పంపుతున్నారు కనుక ఒక్కో మాటనూ విడిగా పరిశీలించవలసి వచ్చింది.

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది మొదటి మాటే. పోయిన పత్తి సీజను ముగిశాక పరకాల దగ్గరి రైతు ఒకాయన, ట్రాక్టరు లోను ఎందుకు రాలేదో చూడమని నా దగ్గరకు వచ్చారు. సిబిల్ రిపోర్టు తీస్తే, ఆయన సక్రమంగా కట్టుకుంటున్న పంట రుణం కిందనే, ఏదో యాప్ ద్వారా ఇచ్చిన 38,000 రూపాయల వ్యక్తిగత రుణం, ఏడు వాయిదాల బకాయితో కనిపించింది. ఆ ఖాతాలోని మొబైల్ నంబరు ఆయనది కాదు, చిరునామా వేరే రాష్ట్రంలోని ఒక పట్టణానిది. “గా ఊరి మొకమే నేను సూడలే సారూ” అన్నారు. అయినా 12,000 కడితే ఖాతా మూసేస్తామని వసూలు ఏజెంట్లు రోజూ ఫోన్లు చేస్తుండటంతో, ఆ డబ్బు సర్దుకొనే వచ్చారు.

ఆ డబ్బు కట్టి ఉంటే రిపోర్టులో ‘క్లోజ్డ్’ అని కాక ‘సెటిల్డ్’ అని పడేది. ఈ మనిషి అప్పు తీసుకున్నాడు, పూర్తిగా కట్టలేకపోయాడు, ఇచ్చినవారు కొంత వదులుకున్నారు అని రేపటి బ్యాంకు మేనేజరు దానికి అర్థం చెప్పుకుంటాడు. తీసుకోని అప్పును తీసుకున్నట్టు, పైగా ఎగ్గొట్టినట్టు సొంత డబ్బుతో సాక్ష్యం కొనుక్కోవడం అన్నమాట. రుణ చరిత్రను సిబిల్ వంటి సంస్థలు కనీసం ఏడేళ్లు భద్రపరుస్తాయి కూడా.

కాబట్టి కట్టవద్దని చెప్పి, అప్పు ఇచ్చిన కంపెనీ ఫిర్యాదుల అధికారికి ఒక పేజీ ఉత్తరం రాయించాను. ఈ అప్పు నేను తీసుకోలేదని, దరఖాస్తు, కేవైసీ (గుర్తింపు) పత్రాలు, సొమ్ము జమ చేసిన బ్యాంకు ఖాతా వివరాలు ఇవ్వాలని అందులో కోరాము. ఈ మూడింటిలో చివరిదే అసలు కీలకం. రిజర్వు బ్యాంకు డిజిటల్ రుణాల నిబంధనల ప్రకారం, కొన్ని మినహాయింపులు తప్ప, రుణం సొమ్ము తీసుకున్నవారి బ్యాంకు ఖాతాలోనే నేరుగా పడాలి; ఖాతా వేరొకరిదని తేలితే జవాబు చెప్పుకోవలసింది అప్పు ఇచ్చిన కంపెనీయే. ఖాతా నంబరు రాతపూర్వకంగా అడిగిన నాటి నుంచి ఆయనకు వసూలు ఫోన్లు రాలేదు.

పోలీసుల సంగతిలో సందేశం సగం నిజం చెప్పింది. నేరస్థుడిని పట్టుకోవడానికి ఏళ్లు పట్టవచ్చును, కానీ రిపోర్టును సరిదిద్దే పని కేసు ముగిసేదాకా ఆగనక్కరలేదు. ఇతరుల గుర్తింపును మోసపూరితంగా వాడుకోవడం ఐటీ చట్టం 66సి సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడే నేరం. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930 నంబరుకు గాని, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో గాని, వరంగల్ సైబర్ క్రైమ్ ఠాణాలో గాని ఫిర్యాదు చేసి, ఆ రసీదును మన ఉత్తరానికి జతచేస్తే దాని బరువు పెరుగుతుంది.

సిబిల్‌ను అడిగేవారు లేరన్నది మాత్రం పూర్తిగా తప్పు. ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ ప్రైవేటు కంపెనీలే అయినా, 2005 నాటి రుణ సమాచార సంస్థల చట్టం కింద, రిజర్వు బ్యాంకు అనుమతితో నడిచేవే. సిబిల్‌లో కనిపించిన తప్పు మిగతా మూడింటిలోనూ ఉండవచ్చును కనుక నాలుగు రిపోర్టులూ తీసుకొని చూడాలి. ఈ అప్పు నాది కాదన్న వివాదాన్ని ఆ సంస్థల దగ్గర ఉచితంగా ఆన్‌లైన్‌లోనే నమోదు చేయవచ్చు. దాన్ని 30 రోజుల్లో పరిష్కరించకపోతే ఆ పైన రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలన్న నిబంధన 2024 ఏప్రిల్ 26 నుంచి అమలులో ఉన్నది. ఆ 30 రోజుల్లో అప్పు ఇచ్చినవారికి 21 రోజులే గడువు; వారు ఆలస్యం చేస్తే పరిహారం వారిది, సమాచార సంస్థ ఆలస్యం చేస్తే దానిది. అప్పటికీ పని కాకపోతే ఇలాంటి ఫిర్యాదులు విచారించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు, ఆ ఫిర్యాదుకూ ఫీజు లేదు. మా రైతు రిపోర్టు నుంచి ఆ ఖాతా, వివాదం నమోదు చేసిన 26వ రోజున తొలగిపోయింది. ఆ తేదీ నాకు గుర్తుండటానికి కారణం, ఆయన మిరపకాయలు వేసుకొని ఎనుమాముల మార్కెట్‌కు వచ్చిన రోజు కూడా అదే కావడం.

మన స్కోరు మనం చూసుకుంటే తగ్గదు. అప్పుకు దరఖాస్తు చేసినప్పుడు బ్యాంకు చేసే విచారణే లెక్కలోకి వస్తుంది. పైగా ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టును ప్రతి సంస్థా ఉచితంగా ఇచ్చి తీరాలి.

ఇక 15 రోజుల్లో స్కోరు పెంచుతామన్న ఏజెంటు. నిజంగా మనం కట్టని వాయిదాను రికార్డు నుంచి చెరిపే అధికారం ఏ ఏజెంటుకూ లేదు. మనది కాని అప్పును తొలగించమని అడగడానికి ఏజెంటుతో పనే లేదు. సందేశం అడుగున, 5,000 రూపాయలతో పాటు ఆయన పంపమన్నవి ఇవి: పాన్ కార్డు ఫొటో, ఆధార్ రెండు వైపులా, ఫోనుకు వచ్చే ఓటీపీ.