ఒక్క పేరు ఎదురుగా టిక్ పెడితే ఓటు ఎందుకు చెల్లదు?

2025 మార్చిలో కరీంనగర్-మెదక్-నిజామాబాద్-ఆదిలాబాద్ పట్టభద్రుల ఎమ్మెల్సీ కౌంటింగ్‌లో దాదాపు 28 వేల ఓట్లు చెల్లకుండా పోయాయి. గెలిచిన అంజిరెడ్డికి వచ్చిన ఆధిక్యం ఐదు వేల చిల్లర. ఈ ఎన్నికలో ముద్ర వెయ్యరు, నచ్చిన క్రమంలో పేర్ల ఎదురుగా 1, 2, 3 అని అంకెలు వెయ్యాలి. 1 అంకె లేకపోతే ఓటు చెల్లదు. డిగ్రీలు చదివి ఓటెయ్యడం రాదా అని అందరూ ఎగతాళి చేశారు. నాకు మాత్రం ఆ రూలు మీదే కోపం వచ్చింది.

ఖాళీగా వదిలేసినవి, ఇద్దరికి 1 వేసినవి ఎవరూ కాపాడలేరు. సంతకం పెట్టినవీ తీసెయ్యాల్సిందే. లేకపోతే డబ్బు పంచినవాడు ఎవరు ఎవరికి వేశారో సరిచూసుకుంటాడు. కానీ ఒకే ఒక్క పేరు ఎదురుగా టిక్ పెట్టి, మిగతాదంతా ఖాళీగా ఉంచిన బ్యాలెట్‌లో అనుమానం ఎక్కడుంది? 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాల్లో 73వది 1 అంకె లేకపోతే తిరస్కరించమంటుంది. రోమన్ అంకె వేయొచ్చు, తెలుగు ౧ కూడా వేయొచ్చు. అక్షరాల్లో "ఒకటి" అని రాస్తే మాత్రం చెల్లదు!

అవే నియమాల్లో, బ్యాలెట్ కాగితం మీద ముద్ర వేసే ఎన్నికలకు వర్తించే 56వది చూడండి. ముద్ర సరిగ్గా పడకపోయినా, రెండుసార్లు పడినా, ఎవరికి వేశారో స్పష్టంగా తెలిస్తే ఆ ఒక్క కారణంతో తిరస్కరించకూడదని అందులో ఉంది. స్వస్తిక్ ముద్రను ఎంచుకోవడం వెనకా ఇదే ఆలోచన. కాగితం మడిచినప్పుడు సిరా అవతలి గుర్తుకు అంటుకుంటే అక్కడ ముద్ర తిరగబడి కనిపిస్తుంది. అసలు ముద్ర ఏదో ఇట్టే పోల్చుకోవచ్చు. ఓటరు మనసు తెలుసుకోవడానికి అక్కడ అంత శ్రద్ధ పెట్టినవాళ్లు పట్టభద్రుల దగ్గరికొచ్చేసరికి ఎందుకు వదిలేశారు?

అధికారి చేతికి విచక్షణ ఇస్తే దుర్వినియోగం చేస్తాడన్న భయం నాకూ ఉంది. 2024 జనవరిలో చండీగఢ్ మేయర్ ఎన్నికలో ప్రిసైడింగ్ అధికారి తానే గీతలు గీసి 8 ఓట్లు చెల్లవన్నాడు. సుప్రీంకోర్టు ఆ బ్యాలెట్లు తెప్పించి చూసి, అన్నీ చెల్లుతాయని, కుల్దీప్ కుమార్ గెలిచాడని తేల్చింది. అందుకే విచక్షణ వద్దు, రాతపూర్వకమైన రూలే కావాలంటున్నాను. ఆస్ట్రేలియా సెనేట్ ఓటింగ్‌లో టిక్‌ని 1గానే లెక్కిస్తారు. మన దగ్గరా 73వ నియమంలో ఆ ఒక్క వాక్యం చేర్చాలి. ఎన్నికల సంఘాన్ని సంప్రదించి కేంద్రం ఈ నియమాలను మార్చగలదు, చట్ట సవరణ కూడా అక్కర్లేదు. వచ్చే పట్టభద్రుల ఎన్నికలకు ముందే ఆ పని జరగాలి.